పైన ఎవరూ లేరు

చచ్చిపోయిన మనిషి సంతకాలు రిజిస్టరు మంగళవారం పేజీలో రెండున్నాయి. పొద్దున ఆరింటికి డాబా తలుపు తెరిచినట్టు ఒకటి, సాయంత్రం ఆరింటికి మూసినట్టు ఒకటి. దొంగ సంతకాలైతే సగం పని తేలికయ్యేది. కానీ రెండూ ఆయనవే.

సాయంత్రం ఆరింటికి తలుపు ఇవతల నిలబడి సంతకం పెట్టిన మనిషి, బుధవారం పొద్దున తలుపు తెరిచేసరికి అవతల వాటర్ ట్యాంకు కింద శవమై ఎలా తేలాడు?

"దొంగ తాళంచెవి ఉండుంటుంది, మళ్ళీ ఎక్కుంటాడు" అన్నారు అపార్టుమెంటు అసోసియేషన్ వాళ్లు. "గుండె ఆగింది, రాత్రి పదకొండుకీ రెండుకీ మధ్య" అన్నాడు డాక్టరు. పోలీసులు ఆ రెండు ముక్కల్నీ కలిపి ఒక కుట్టు వేసి ఫైలు మూసేశారు.

శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకి, ఐదో అంతస్తు దాటాక ఉండే ఆఖరి మెట్ల మీద కూర్చుని, డిటెక్టివ్ ఆ రిజిస్టరును ఫోను వెలుగులో తిరగేస్తున్నాడు. పక్కన వాచ్‌మన్ గోడకు అతుక్కుపోయి నిలబడ్డాడు.

పోయినాయన్ని ఆ ఇరవై ఫ్లాట్లలోనూ బైలా తాత అనేవాళ్లు. అపార్టుమెంటు నియమావళి మొత్తం, అదే బైలాసు, ఆయనకు కంఠతా వచ్చు. గొంతుకు ఆపరేషనై మాట పోయినా పోట్లాట మానలేదు. పలక మీద రాసి పోట్లాడేవాడు. అందరిదీ అయిన డాబాకి సెక్రటరీ తాళం వేసి సొంత పూలతోట పెంచుకుంటుంటే, ఇరవై ఇళ్లలో కోర్టుకెక్కింది ఆయనొక్కడే. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. తీర్పు వచ్చేదాకా డాబా పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా తెరిచుంచాలనీ, తెరిచినప్పుడూ మూసినప్పుడూ వాచ్‌మన్‌తో పాటు ఒక ఫ్లాటు యజమాని సంతకం పెట్టాలనీ కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. నాలుగు నెలల పేజీలు. మంగళవారం దాకా యజమాని గడిలో ఒక్క పేజీలోనైనా ఇంకొకరి సంతకం లేదు.

"ఇక్కడ బల్బు పోయి ఎన్నాళ్లయిందోయ్?"

"నాలుగు నెలలండి."

"కోర్టు ఉత్తర్వు వచ్చీ నాలుగు నెలలేగా. పోయిందా, పోగొట్టారా?"

వాచ్‌మన్ కాలి బొటనవేలితో మెట్టును గీకాడు.

"సరే, ఇది చెప్పు. నీ సంతకాలు పొద్దున ఒక సిరా, సాయంత్రం ఇంకో సిరా. అదీ పద్ధతి. పెద్దాయనవి మాత్రం ఏ రోజు చూసినా రెండూ ఒకే సిరా, ఒకే ఒత్తిడి. ఏమిటి సంగతి?"

ఇక దాచి లాభం లేదనుకున్నాడేమో, వాచ్‌మన్ మెట్టు మీద చతికిలబడ్డాడు. "సాయంత్రం ఇక్కడ చీకటండి. ఆయనకి గీత ఆనదు. అందుకని పొద్దున్నే రెండు సంతకాలూ పెట్టేసేవారు. అదేంటి పెద్దాయనా అంటే, 'సాయంత్రం దాకా బతికుంటాలే' అని పలక మీద రాసి నవ్వేవారు."

"అంటే ఆ రెండో సంతకానికీ తలుపు మూయడానికీ ముడే లేదన్నమాట."

"లేదండి. మా లెక్క వేరే. ఆయన మూడింటికి వచ్చి ట్యాంకు నీడన కూర్చునేవారు. ఆరింటికి నేనొచ్చి 'పైన ఎవరున్నారూ' అని కేకేసేవాణ్ణి. నోట మాట లేదు గదండీ, చేతికర్రతో ట్యాంకు పైపు మీద మూడు దెబ్బలు కొట్టేవారు. అప్పుడు నేను ఆగేవాణ్ణి, ఆయన మెల్లగా వచ్చేవారు."

"మంగళవారం కేకేశావా?"

"నేను లేనండి. మూడున్నరకి సెక్రటరీగారు నన్ను లిఫ్టు కంపెనీకి పంపారు, ఏదో కాగితం ఇచ్చి రమ్మని. తాళంచెవి ఆయనే పుచ్చుకున్నారు. వానలో తడిసి వచ్చేసరికి ఎనిమిది. తలుపుకి తాళం వేసే ఉంది. పెద్దాయన ఇంట్లో పడుకున్నారనుకున్నా."

"మరి ఇక్కడ నీ సంతకం?"

"బుధవారం పొద్దున పెట్టించారండి." గొంతు దించాడు. "ఆయన ఇంకా అక్కడే పడున్నారు. తలుపు దగ్గర నిలబెట్టి పెట్టించారు. అయ్యా, నా పేరు బయటికొస్తే కింద గది ఖాళీ చేయిస్తారు. నా పెట్టె నెత్తిన పెట్టుకుని ఎక్కడ తిరగను?"

డిటెక్టివ్ లేస్తూ తలుపు మీద చెయ్యి ఆనించాడు. అరచేయంతా ఆకుపచ్చ రంగు అంటుకుంది.

"ఇవాళ పొద్దునే వేశారండి" అన్నాడు వాచ్‌మన్. "రేపు పదింటికి కోర్టు పంపే కమిషనరు డాబా చూడ్డానికి వస్తాడట గదండీ."

"మెట్లు ఊడ్చిన పాపాన పోలేదు, గోడకి సున్నం లేదు. తలుపొక్కదానికే పెళ్లికళా!" అని చెయ్యి రుమాలుకి తుడుచుకున్నాడు డిటెక్టివ్. రంగు వదల్లేదు.

* * *

బైలా తాత ఇంట్లో ఒక కుర్చీ, ఒక కంచం, ఒక గ్లాసు ఉన్నాయి. మేకుకు పలక వేలాడుతోంది. డిటెక్టివ్ ఇంట్లో గ్లాసులు రెండు. భార్య పోయి నాలుగేళ్లయినా రెండో దాన్ని రోజూ కడిగి బోర్లిస్తాడు. తేడా అంతే.

పోయినాయన చెల్లెలు కిటికీ పక్కన నిలబడుంది. అరవై దాటిన మనిషి, నర్సుగా చేసి రిటైరై లేడీస్ హాస్టల్లో గది పంచుకుని ఉంటోంది. అన్నాచెల్లెళ్లకు పదకొండేళ్లుగా మాటల్లేవు. ఆయనకు పెళ్లాం పిల్లలు లేరు గనక, వారసురాలంటే ఈవిడే. డిటెక్టివును పిలిపించిందీ ఈవిడే.

"అన్నయ్యకి మాట పోయిందని నాకు తెలిసింది బుధవారమే, డిటెక్టివ్ గారూ. శవాన్ని చూపిస్తూ వాచ్‌మన్ చెప్పాడు." ఆవిడ బల్ల మీద ఉన్న పాత ఫోను తీసి చూపించింది. మంగళవారం అంతా అది అక్కడే చార్జింగులో ఉండిపోయింది. "ఏడాదిగా నెలకోసారి నాకు ఏదో కొత్త నంబరు నుంచి ఫోనొచ్చేది. ఎత్తితే ఎవరూ మాట్లాడరు. ఎవడో పోకిరీ అనుకుని, ఒకసారి నోటికొచ్చినట్టు తిట్టి పెట్టేశాను. ఆ నంబరు దీనిదే."

ఓదార్పు మాటలు డిటెక్టివుకు ఎప్పుడూ రావు. వచ్చినా ఆలస్యంగా వస్తాయి.

శవంతో పాటు కిందికి తెచ్చి మూల నిలబెట్టిన చేతికర్ర అందుకున్నాడు. కింద ఇనప పొన్ను ఉంది. నేల మీద ఆనించి నడిస్తే పొన్ను అరుగుతుంది. ఇది అరగలేదు. ఒక పక్కకి నలిగి రేకులా పరుచుకుపోయింది.

"దీంతో దేన్నో చాలాసేపు కొట్టారమ్మా."

"తలుపునా?"

"అయ్యుండాలి. అందుకే తలుపుకి రంగు." కర్ర చంకలో పెట్టుకున్నాడు. "నాలుగింటికి మీరేం చేయబోతున్నారు?"

"సంతకం పెట్టమంటున్నారు. కేసు వెనక్కి తీసుకుంటున్నానని. ఐదులోపు కోర్టులో ఇస్తే రేపు కమిషనరు రాడట. ఈ ఇల్లు నా పేరున మారాలంటే అసోసియేషన్ అభ్యంతరం లేదని కాగితం ఇవ్వాలి గదా. నేనిది పెడితేగానీ వాళ్లది ఇవ్వరట."

"అలా ముడిపెట్టే హక్కు ఏ చట్టంలోనూ లేదమ్మా."

"చట్టంలో వాళ్లకి హక్కు లేదు. నాకు ఇల్లు లేదు." ఆవిడ నవ్వబోయి ఆగింది. "హాస్టల్లో ఈ నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమన్నారు. కేసు నడిపితే ఎన్నేళ్లో ఎవరికెరుక? చూసి చెప్పండి. మా అన్నయ్య తనంతట తాను పోతే పెట్టేస్తాను. ఎవరైనా పోగొడితే మాత్రం..."

గడియారం మూడూ ఐదు చూపిస్తోంది.

* * *

కింద అసోసియేషన్ గదిలో సెక్రటరీ వాళ్లకోసమే కాచుకున్నాడు. జుట్టు నున్నగా దువ్వి, జేబులో మూడు రంగుల పెన్నులు పెట్టుకున్న మనిషి. వెనక గోడ పొడుగునా, పైనుంచి కిందికి, ట్యాంకు నుంచి దిగే లావాటి ఇనప పైపు.

"మంగళవారం డాబా మూసింది ఎవరండీ?"

"నేనే. సరిగ్గా ఆరింటికి. వాచ్‌మన్ లేడని నేనే వెళ్లి మూడుసార్లు కేకేశా. జవాబు రాలేదు. మూసేశా."

"మూసేముందు కేకెయ్యాలని మీకెవరు చెప్పారు?"

"అది... అందరికీ తెలుసుగా."

"పెద్దాయన పైపు మీద దెబ్బలతో జవాబిస్తాడనీ అందరికీ తెలుసా?"

"నాకు తెలీదు" అన్నాడు సెక్రటరీ, అవసరానికి మించిన వేగంగా. వెంటనే దారి మళ్లించి, దారానికి వేలాడుతున్న లావుపాటి పుస్తకం మీద చెయ్యి వేశాడు. "చూడండి, మా దగ్గర అంతా పద్ధతి. ఇది కంప్లయింట్ పుస్తకం. ఎవరు ఏ ఫిర్యాదు రాసినా పక్కనే టైము, దాని పక్కన నా జవాబు, దానికీ టైము. ఏడేళ్లుగా ఒక్క ఫిర్యాదు కూడా జవాబు లేకుండా పోలేదు. రేపు కమిషనరుకి చూపిస్తా."

"నాకు ఇవాళే చూపించకూడదా?"

మెప్పుకు కక్కుర్తి పడేవాడు తన గోతిని తానే తవ్వుకుంటాడు. సెక్రటరీ పుస్తకాన్ని సంబరంగా ముందుకు నెట్టాడు. డిటెక్టివ్ మంగళవారం పేజీ తీశాడు. ఫిర్యాదులు మూడే.

మొదటిది 304 ఇల్లాలిది. "4:20. డాబా మీద నుంచి మా బాల్కనీలోకి ఎవరో బట్టల క్లిప్పులు విసురుతున్నారు. చర్య తీసుకోగలరు." పక్కన ఎర్ర సిరాతో జవాబు: "4:40. వెళ్లి చూశాను. తలుపుకు తాళం ఉంది. పైన ఎవరూ లేరు."

రెండోది 204. "5:05. పిల్ల నెత్తి మీద క్లిప్పు పడింది. అసోసియేషన్ నిద్రపోతోందా?" జవాబు: "5:15. గమనించాం."

మూడోది 104. "7:10. వంటింట్లో పైపులు మోగుతున్నాయి. ప్లంబరును పంపండి." జవాబు: "7:30. రేపు."

మూడో దానికీ దీనికీ సంబంధం లేదనుకుని వదిలేసి, డిటెక్టివ్ మొదటి దాని మీద వేలు ఆనించాడు. ఫోనుతో పేజీ ఫోటో తీసుకుని, అప్పుడు తలెత్తాడు.

"ఆరింటికి మూసిన తలుపుకి నాలుగూ నలభైకే తాళం ఎలా పడిందండీ?"

సెక్రటరీ నోరు తెరిచేలోపు గుమ్మంలోంచి జవాబు వచ్చింది.

"ఆయన దేనికీ జవాబు చెప్పక్కర్లేదు."

అసోసియేషన్ లాయరు. మల్లెపువ్వులాంటి చొక్కా, చేతికి నల్ల సంచీ. వస్తూనే పుస్తకాన్ని దారంతో సహా లాక్కున్నాడు. ఆ చేతివేళ్లు శుభ్రంగా, గోళ్లు కత్తిరించి మెరుస్తున్నాయి.

"ఇది అసోసియేషన్ ఆస్తి. ఇంతకీ తమరు ఎవరి తరఫున వచ్చారు, డిటెక్టివ్ గారూ?"

"ఈ అమ్మగారి తరఫున."

"ఈవిడ వారసురాలని ఇంకా ఎక్కడా తేలలేదు. అంచేత తమరిని పెట్టుకునే హక్కూ లేదు."

"తేలకపోతే కేసు వెనక్కి తీసుకునే కాగితం మీద ఈవిడ సంతకం మీకెందుకండీ? ఏదో ఒకటి చెప్పండి. వారసురాలైతే నేనుంటాను. కాకపోతే మీ కాగితం చెత్తబుట్టలోకి పోతుంది."

లాయరు పెదవి కొరుక్కుని, ఆ వెంటనే చిరునవ్వు అతికించుకున్నాడు. "మీరు మాటకారి. కానీ ముసలాయన చచ్చింది గుండె ఆగి. గుండె మీద సెక్షన్లు లేవు."

"తాళం మీద ఉన్నాయిగా."

"తాళం ఎప్పుడు వేశారన్నది చేతిరాత పొరపాటు. ఆరూ నలభై అనబోయి నాలుగూ నలభై రాశారు."

"ఐదూ పదిహేను జవాబుకి పైన ఆరూ నలభై జవాబా?"

లాయరు చేతి గడియారం చూసుకున్నాడు. "అమ్మా, నాలుగింటికి సంతకం. నాలుగూ ఒక నిమిషానికి ఈ బేరం ఉండదు. తర్వాత మీరు, మీ హాస్టలు, మీ అదృష్టం."

డిటెక్టివ్ ఆవిడని గుమ్మం బయటికి తీసుకెళ్లి ఫోను చేతిలో పెట్టాడు. "పేజీ ఇందులో ఉంది, పెద్దది చేసి చదువుకోండి. తాళం ముందే వేశాడని తేలింది. పైన మనిషి ఉన్నాడని తెలిసే వేశాడా, తెలీక వేశాడా, అదొక్కటే తేలాలి. తలుపు అవతలి పక్క చూసొస్తాను. నేను దిగేదాకా కలం మూత తీయకండమ్మా."

"నాలుగు దాటితే?"

"దాటను."

* * *

తలుపు అవతలి పక్క రంగు మరీ మందంగా ఉంది. నడుము ఎత్తు నుంచి కిందికి వేళ్లతో తడిమితే రంగు కింద గుంటలు, గుంటల పక్కన గుంటలు. నలిగిన పొన్ను ఒక గుంటలో ఆనించాడు. అచ్చు దిగినట్టు సరిపోయింది.

బట్టలు ఆరేసే తీగ మీద క్లిప్పు ఒక్కటీ లేదు. తీగ సరిగ్గా 04 వరస బాల్కనీల పైనే ఉంది. నోరు లేని మనిషి గోడ మీద నుంచి చెయ్యి చాచి ఒక్కో క్లిప్పే కిందికి వదులుతున్న దృశ్యం డిటెక్టివ్ కళ్లకు కట్టింది. ఒక్కరు తలెత్తి చూస్తే చాలు. ఒక్కరూ తలెత్తలేదు. తలలు వంచుకుని ఫిర్యాదులు రాశారు.

ట్యాంకు దిమ్మ కింద ఎర్ర క్లిప్పు ఒకటి మిగిలి ఉంటే ఏరుకుంటున్నాడు. వెనక టప్పుమని చప్పుడైంది. తలుపు మూసుకుంది. మెట్ల పక్క నుంచి గడియ పడింది. అడుగులు గబగబా దిగిపోయాయి.

తోశాడు. కదల్లేదు. భుజం పెట్టి గుద్దాడు. భుజానికే నొప్పి. ఎండ ఏటవాలుగా ఉంది. మూడూ నలభై అయ్యుంటుంది. ఫోను కింద ఆవిడ చేతిలో ఉంది.

గోడ మీద నుంచి వంగి ఎర్ర క్లిప్పు వదిలాడు. అది నాలుగో అంతస్తు పిట్టగోడకు తగిలి ఎగిరి 304 బాల్కనీలో పడింది. ఆ వెంటనే ఆడగొంతు గయ్యిమంది. "మళ్ళీ మొదలెట్టారూ! ఆగండి, కంప్లయింట్ రాస్తా!" బాల్కనీ తలుపు ధడేలుమంది. "అమ్మా, తలుపు తియ్యండి!" అని అరిచాడు డిటెక్టివ్. సరిగ్గా అప్పుడే ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారు మొదలైంది. తన కేక తనకే వినపడలేదు. గొంతున్నవాడి గతే ఇలా ఉంటే, లేనివాడి గతి?

తనిక్కడే ఉండిపోతే ఎవరికి తెలుస్తుంది? ఇంట్లో బోర్లించిన గ్లాసు తప్ప ఎదురుచూసేదేదీ లేదు. ఇంకా రాలేదేమని అడిగే నోరు లేదు. ఇన్నేళ్లలో ఎన్నో శవాల గురించి ఆరా తీశాడు గానీ, తన గురించి ఆరా తీసేదెవరన్న ప్రశ్న ఆయనకు ఎన్నడూ తట్టలేదు. తట్టాక ఎండలోనూ ఒళ్లు చల్లబడింది.

మోటారు ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఎదురుగా ట్యాంకు పైపు కనిపించింది. లావాటి ఇనప పైపు, డాబాలోంచి కిందికి, 504 వంటింట్లోంచి, 404లోంచి, 304, 204, 104... అక్కణ్ణించి అసోసియేషన్ గది గోడలోకి.

దాని మీద ఒక చోట తుప్పూ రంగూ రాలిపోయి ఇనుము తెల్లగా మెరుస్తోంది. రూపాయి బిళ్ల కాదు, పళ్లెమంత మేర.

వంటింట్లో పైపులు మోగుతున్నాయి. ప్లంబరును పంపండి.

డిటెక్టివ్ కర్ర ఎత్తాడు. మూడు దెబ్బలు. ఆగాడు. మళ్ళీ మూడు. ఇనుము కంగుమని మోగి, ఆ మోత ఇంటింటి గోడల్లోంచీ కిందికి దిగిపోవడం అరికాళ్లకు తెలుస్తోంది. మళ్ళీ మూడు. మళ్ళీ మూడు. ఎంతసేపు కొట్టాడో లెక్క పెట్టలేదు.

తలుపు అవతల అడుగులు వినిపించాయి. తర్వాత ఆయాసంతో వణుకుతున్న ఒక ముసలి గొంతు.

"పైన ఎవరున్నారూ?"

డిటెక్టివ్ నోరు తెరిచాడు గానీ మాట రాలేదు. కర్రతో తలుపు మీద మెల్లగా మూడుసార్లు తట్టాడు.

గడియ జారింది. చెల్లెలు గుమ్మంలో నిలబడి, ఎవరినో వెతుకుతున్నట్టు ఒక్క క్షణం ట్యాంకు కేసి చూసి, తర్వాత ఈయన్ని చూసింది. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో కాగితం. కాగితం అడుగున గీత ఖాళీగా ఉంది.

"లాయరు గారు ఫోను మాట్లాడి వస్తానని బయటికెళ్లి, ఆరేడు నిమిషాలకి వచ్చారు. సంతకం ఎక్కడ పెట్టాలో బొటనవేలితో చూపించారు. చూడండి." గీత పక్కన ఆకుపచ్చ వేలిముద్ర అచ్చుగుద్దినట్టు పడింది.

"గడియ పెట్టింది లాయరే" అన్నాడు డిటెక్టివ్. "మీరెలా వచ్చారు? ఎవరూ ఆపలేదా?"

"ఎవరు ఆపుతారండీ? పైపు మోగగానే వాళ్లిద్దరూ నన్ను మర్చిపోయారు." తలుపుకు చెయ్యి ఆనించి ఊపిరి తీసుకుంది. రంగు అంటుకున్నా పట్టించుకోలేదు. "మొదటి మూడు దెబ్బలకి నేను ఉలిక్కిపడ్డాను, ఏమిటా చప్పుడు అని. లాయరు గారు కూడా అటూ ఇటూ చూశారు. సెక్రటరీ మాత్రం చూడలేదు. పెన్ను చేతిలోంచి జారిపోయింది. చెవులు రెండూ మూసుకున్నాడు."

"నేను పైనున్నానని సెక్రటరీకి తెలీదన్నమాట. ఏమైనా అన్నాడా?"

"అన్నాడు. లాయరు గారు నోరు నొక్కేలోపే అనేశాడు."

"ఏమని?"

ఆవిడ చేతికర్రను ఆయన చేతిలోంచి తీసుకుని, నలిగిన పొన్నును కొంగుతో తుడిచింది.

"'మళ్ళీనా' అన్నాడు."